సోమవారం ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది, అదే రోజు ల్యాబ్ ఎక్స్‌టర్నల్. జవాబు ఎలా రాయాలి?

పరకాల అమ్మాయి | గురువారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను బీటెక్ సీఎస్ఈ ఫైనల్ ఇయర్. ఊరు పరకాల దగ్గర, హన్మకొండలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఆన్‌లైన్ టెస్ట్ రాసిన ఒక హైదరాబాద్ కంపెనీ నుంచి ఇవాళ సాయంత్రం మెయిల్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రెయినీ ఉద్యోగం. సోమవారం పొద్దున 9:30కి గచ్చిబౌలి ఆఫీసులో ఇంటర్వ్యూ. రేపు మధ్యాహ్నం 12 లోపు కన్ఫర్మ్ చేయమన్నారు.

అదే సోమవారం పొద్దున మాకు ల్యాబ్ ఎక్స్‌టర్నల్ (బయటి ఎగ్జామినర్ వచ్చి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) ఉంది. ఒక ఫ్రెండ్ ఏమో, "ముందు వస్తానని రాసేయ్, ఆదివారం రాత్రి జ్వరమని ఫోన్ చెయ్" అంటోంది. ఇంకొకరు, ఫ్రెషర్ డేట్ మార్చమంటే లిస్టులో పేరు తీసేస్తారని భయపెడుతున్నారు. మెయిల్ నో-రిప్లై అడ్రస్ నుంచి వచ్చింది. కింద హెచ్ఆర్ మేడమ్ పేరు, మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ ఉన్నాయి. "కన్ఫర్మ్" అని ఒక బటన్ కూడా ఉంది. అది నొక్కాలా, మెయిల్ రాయాలా, ఫోన్ చేయాలా? మా ఇంట్లో ఇంతకుముందు ఇలాంటి మెయిల్ రాసినవాళ్లు ఎవరూ లేరు. చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట ప్యాసింజర్ | గురువారం, రాత్రి 9:05

కంగ్రాట్స్ చెల్లె. టెస్ట్ దాటి పిలుపు వచ్చిందంటే సగం పని అయినట్టే. జ్వరం అబద్ధం మాత్రం వద్దు. ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉండరు. సోమవారం పొద్దున నీ కోసం ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు పని పక్కన పెట్టి కూర్చుంటారు. డేట్ మార్చమన్నందుకు కాదు, చెప్పకుండా రానందుకు పేరు తీసేస్తారు.

హన్మకొండ చౌరస్తా | గురువారం, రాత్రి 9:50

నాది హన్మకొండే, హైదరాబాద్‌లో రిక్రూట్‌మెంట్ పని చేస్తాను. అవతలి బల్ల వైపు నుంచి చెబుతాను, అప్పుడు ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

ఒక ఇంటర్వ్యూ పెట్టాలంటే మేము ముందు ప్యానెల్‌లో ఉండేవాళ్ల, అంటే ఇంటర్వ్యూ చేసేవాళ్ల క్యాలెండర్లు చూసి, ఖాళీ వెతికి, రూమ్ బుక్ చేసి, సెక్యూరిటీకి విజిటర్ల లిస్టు పంపుతాం. క్యాండిడేట్ నుంచి జవాబు రాకపోతే ఆ గంటను ఖాళీగా ఉంచాలా, వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి ఇవ్వాలా అనేది తేలదు. మీరు 12 లోపు రాస్తే నాకు పని సులువు. 12 దాటితే నేను మీకు ఫోన్ చేయాలి, మీరు ఎత్తకపోతే మళ్లీ చేయాలి. మీ జవాబులో మేము చూసేది ఇంగ్లీష్ కాదు. వస్తున్నారా, ఎప్పుడు, ఏ నంబర్‌కి చేస్తే దొరుకుతారు, ఇంతే.

డేట్ మార్చమని అడగడం తప్పు కాదు. పరీక్షలు, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో సెలవు దొరకకపోవడం, ఇంట్లో ఆపద, ఇవి ప్రతి వారం వింటాం. కాకపోతే ఒక్కసారే అడగాలి, ముందే అడగాలి, ఎప్పుడు వీలవుతుందో మీరే చెప్పాలి. "ఇంకో రోజు ఇవ్వండి" అని ఆపేస్తే మేము ఒక డేట్ అనడం, మీరు కాదనడం, మళ్లీ మేము వెతకడం... ఈలోపు ఆ ఖాళీలు నిండిపోతాయి.

ఇక బటన్ సంగతి. చాలా కంపెనీల్లో ఈ మెయిల్స్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్తాయి, అందుకే నో-రిప్లై. దానికి జవాబు రాస్తే ఎవరికీ చేరదు. మీరు "కన్ఫర్మ్" నొక్కితే సిస్టమ్‌లో సోమవారం 9:30కి వస్తున్నట్టు పడుతుంది. మీకు కుదరనప్పుడు అది నొక్కకండి. పక్కన "వేరే టైమ్ కావాలి" లాంటిది ఏమైనా ఉందేమో చూడండి. లేకపోతే కింద ఉన్న హెచ్ఆర్ గారి ఐడీకి కొత్త మెయిల్ రాయండి. సబ్జెక్ట్‌లో మీ పూర్తి పేరు, ఉద్యోగం పేరు, వాళ్లు ఇచ్చిన రిఫరెన్స్ నంబర్ ఉంటే అదీ పెట్టండి. రోజూ అంతమందికి రాసేవాళ్లకి "ఇంటర్వ్యూ గురించి" అనే సబ్జెక్ట్ చూస్తే మీరెవరో తెలియదు.

భద్రకాళి కట్ట | గురువారం, రాత్రి 10:20

అమ్మాయీ, నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను, కొన్నాళ్లు ప్లేస్‌మెంట్ సెల్ చూశాను. కంపెనీకి రాసే ముందు రేపు పొద్దున్నే మీ హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారిని కలువు. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ బ్యాచ్‌ల వారీగా జరుగుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూ అని మెయిల్ చూపిస్తే కొన్నిసార్లు వేరే రోజు బ్యాచ్‌లోకి మారుస్తారు. అది కుదిరితే కంపెనీని కదిలించే పనే ఉండదు. ఫ్రెషర్‌గా మొదటి మెయిల్‌లోనే మార్పు అడగడం నాకు అంతగా నచ్చదు.

హన్మకొండ చౌరస్తా | గురువారం, రాత్రి 10:35

సార్ చెప్పిన దారి మంచిది, ముందు అదే ప్రయత్నించండి. కానీ కాలేజీ జవాబు కోసం చూస్తూ 12 దాటనివ్వొద్దు. హెచ్ఓడీ గారు 11 దాకా దొరకకపోతే ఇక ఆగకుండా మార్పు అడుగుతూ రాసేయండి. ఫ్రెషర్ అడగకూడదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను సార్. ఫ్రెషర్లకి సెమిస్టర్ పరీక్షలు ఉంటాయని మాకు తెలుసు. అసలు అడగలేక, రాకుండా ఆగిపోయినవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. అందులో మన జిల్లాల పిల్లలు ఎక్కువ ఉంటున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. టెస్టులో మంచి మార్కులు వచ్చిన పిల్ల, ఒక్క మెయిల్ రాయడానికి భయపడి ఆగిపోతుంది.

పరకాల అమ్మాయి | శుక్రవారం, ఉదయం 9:45

హెచ్ఓడీ సార్‌ని కలిశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి బ్యాచ్ లిస్టు వెళ్లిపోయిందట, మార్చలేమన్నారు. మాది పొద్దున బ్యాచ్, ఒంటిగంటకి అయిపోతుంది. కంపెనీకి రాద్దామని కూర్చున్నాను. డ్రాఫ్ట్ ఇది, ఇంగ్లీష్‌లో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. తప్పులు చెప్పండి.

"గౌరవనీయులైన సార్ లేదా మేడమ్ గారికి, మీ గొప్ప సంస్థలో ఇంటర్వ్యూకి నన్ను ఎంపిక చేసినందుకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇది నా జీవితంలో మరచిపోలేని రోజు. మాది వ్యవసాయ కుటుంబం, ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం. కానీ కొన్ని అనివార్య కారణాల వల్ల సోమవారం రాలేకపోతున్నాను. దయచేసి నన్ను క్షమించి ఇంకో రోజు అవకాశం ఇవ్వగలరు. మీరు ఎప్పుడు రమ్మన్నా వస్తాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటాను."

మంచిర్యాల గని | శుక్రవారం, ఉదయం 10:02

బాగానే ఉంది కదా మేడమ్, మర్యాదగా ఉంది.

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, ఉదయం 10:15

మర్యాదకు లోటు లేదు. కానీ చదివాక నాకు ఏమీ తెలియలేదు. ఏ ఉద్యోగానికి, ఎందుకు రాలేరు, ఎప్పుడు రాగలరు, మూడూ లేవు.

ఒక్కొక్కటి చూద్దాం. కింద హెచ్ఆర్ పేరు ఉంది కాబట్టి "సార్ లేదా మేడమ్" అక్కర్లేదు. ఆమె పేరు పెట్టి రాయండి, పేరు స్పెల్లింగ్ మెయిల్‌లో ఉన్నట్టే. పేరు చూసి ఆడో మగో తేల్చుకోలేకపోతే పూర్తి పేరు రాస్తే సరిపోతుంది.

"అనివార్య కారణాలు" అని రాస్తే చదివేవాళ్లకి ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. మీ కారణం నిఖార్సైనది, ఒక్క లైన్లో చెప్పేయండి. హాల్ టికెట్ జత చేయొద్దు, అడిగితే పంపొచ్చు.

ఇంటి పరిస్థితి తీసేయండి. అది నిజమే, గౌరవించాల్సిందే, కానీ ఈ మెయిల్ చదివే మనిషి క్యాలెండర్ చూసే మనిషి. ఆమె దాన్ని చదివి చేయగలిగింది ఏమీ ఉండదు. క్షమాపణ కూడా వద్దు. పరీక్ష ఉండటం మీ తప్పు కాదు.

"ఎప్పుడు రమ్మన్నా వస్తాను" అన్నది అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే వాక్యం. సోమవారం మధ్యాహ్నం 3కి రమ్మంటే వస్తారా? ఒంటిగంటకి పరీక్ష ముగించుకుని మూడింటికల్లా గచ్చిబౌలి చేరలేరు. కాబట్టి మీకు నిజంగా కుదిరే టైమ్‌లు రెండు మూడు ఇవ్వండి.

కాజీపేట ప్యాసింజర్ | శుక్రవారం, ఉదయం 10:24

ఆన్‌లైన్‌లో పెట్టమని కూడా అడగొచ్చు కదా అక్కా? సోమవారం మధ్యాహ్నం హాస్టల్ నుంచే అయిపోతుంది.

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, ఉదయం 10:31

అడగొచ్చు, కానీ మూడో ఎంపికగా. ఆఫీసుకి రమ్మన్నారంటే అక్కడే రాత పరీక్షో, ఇంకో రౌండో కూడా ఉండొచ్చు. "మీకు వీలైతే" అని పెట్టి వదిలేయండి. నేనైతే ఇలా రాస్తాను. ఇంగ్లీష్‌లోకి మీ మాటల్లో మీరే మార్చుకోండి. నేను ఇంగ్లీష్‌లో రాసిస్తే ఇది చదివిన అందరి నుంచీ ఒకే మెయిల్ వెళ్తుంది, అలాంటివి వెంటనే గుర్తుపడతాం.

"నమస్తే (హెచ్ఆర్ పేరు) గారు,

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రెయినీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచినందుకు ధన్యవాదాలు. నేను తప్పకుండా హాజరవుతాను. అయితే మీరు చెప్పిన సోమవారం ఉదయం 9:30కి నాకు ఫైనల్ ఇయర్ ల్యాబ్ పరీక్ష ఉంది, కాలేజీ దాన్ని మార్చలేమని చెప్పింది.

మంగళవారం ఉదయం 10 తర్వాత ఎప్పుడైనా, లేదా బుధవారం రోజంతా మీ గచ్చిబౌలి ఆఫీసుకి రాగలను. మీకు వీలైతే సోమవారం మధ్యాహ్నం 3 తర్వాత ఆన్‌లైన్‌లో అయినా సిద్ధమే.

నా నంబర్ (మీ నంబర్). సోమవారం ఒంటిగంట వరకు పరీక్షలో ఉంటాను, మిగతా వేళల్లో ఫోన్‌లో దొరుకుతాను."

కింద మీ పూర్తి పేరు, కాలేజీ పేరు, అంతే. "హాజరవుతాను" అన్నది మార్పు అడగడం కంటే ముందు వచ్చింది చూడండి. మొదటి రెండు లైన్లే చదివి వదిలేసినా ఈ అమ్మాయికి ఆసక్తి ఉందని తెలుస్తుంది.

భద్రకాళి కట్ట | శుక్రవారం, ఉదయం 10:40

ఇది చదివాక నా అభ్యంతరం పోయింది. పరీక్షలో ఉండే వేళ చెప్పడం చాలా మంచి పని. ఆ టైమ్‌లో వాళ్లు ఫోన్ చేసి, ఎత్తలేదని అనుకోకుండా ఉంటారు. పంపే ముందు ఒకసారి పైకి చదువుకో అమ్మాయీ. జీమెయిల్ సెట్టింగ్స్‌లో "అన్‌డు సెండ్" 30 సెకన్లకి పెట్టుకో. పంపాక తప్పు కనిపిస్తే ఆ 30 సెకన్లలో వెనక్కి తీసుకోవచ్చు. నీ మెయిల్ ఐడీ కూడా చూసుకో. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న ఐడీలతో ఉద్యోగాలకి రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. అయితే ఇప్పుడు మార్చకు, వాళ్ల దగ్గర ఉన్న ఐడీ నుంచే రాయి.

పరకాల అమ్మాయి | శుక్రవారం, ఉదయం 11:10

పంపేశాను. అందరికీ థాంక్స్. ఇప్పుడు ఫోన్ కూడా చేయాలా?

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, ఉదయం 11:18

గడువు 12 కాబట్టి, 11:45కి ఒక్కసారి చేయండి. "మీ మెయిల్‌కి జవాబు పంపాను, టైమ్ గురించి చిన్న మార్పు అడిగాను, చూడగలరా" అని అర నిమిషంలో ముగించండి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయొద్దు. గడువు రేపో ఎల్లుండో ఉంటే ఫోన్ అవసరమే లేదు.

మంచిర్యాల గని | శుక్రవారం, మధ్యాహ్నం 12:50

నాదొక ప్రశ్న. మాది మెకానికల్ డిప్లొమా బ్యాచ్. మాకు మెయిల్స్ రావు, ఫోనే వస్తుంది. అది కూడా ఏ బస్సులో ఉన్నప్పుడో, వర్క్‌షాప్‌లో మెషీన్ నడుస్తున్నప్పుడో. "రేపు రండి" అంటారు, అడ్రస్ సగమే వినపడుతుంది. మళ్లీ చేస్తే ఆ నంబర్ ఎత్తరు. ఇలాంటప్పుడు ఎలా?

కాజీపేట ప్యాసింజర్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, చప్పుడులో ఉంటే "సార్, సరిగ్గా వినపడటం లేదు, ఐదు నిమిషాల్లో ఇదే నంబర్‌కి చేయనా" అని అడుగు. ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడుతున్నప్పుడే చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పు: "రేపు పది గంటలకి, ఫలానా గేటు, మిమ్మల్నే అడగాలి, అంతేనా సార్?" అని. ఎవరిని అడగాలో తెలుసుకోవడం ఫ్యాక్టరీల్లో చాలా ముఖ్యం. గేటు దగ్గర సెక్యూరిటీకి కంపెనీ ఉద్యోగి పేరు, డిపార్ట్‌మెంట్ చెప్పకపోతే లోపలికి పంపరు. ఫోన్ పెట్టేశాక పది నిమిషాల్లో అదే నంబర్‌కి మెసేజ్ పెట్టు, వాట్సాప్ లేకపోతే మామూలు ఎస్సెమ్మెస్: నీ పేరు, డిప్లొమా మెకానికల్, రేపు ఫలానా టైమ్‌కి ఫలానా చోటికి వస్తున్నాను, తప్పయితే చెప్పండి సార్ అని. నువ్వు తప్పు విన్నావనుకో, అవతలి మనిషి దిద్దుతాడు.

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

అన్న చెప్పింది సరిగ్గా ఉంది. ఇంకొకటి, తొందరలో "ఏ కంపెనీ సార్?" అని అడగడానికి మొహమాటపడకండి. చాలా చోట్ల అప్లై చేసి ఉంటారు, మాకూ తెలుసు. తెలియకుండా సరే అనేసి తర్వాత వెతుక్కోవడం కంటే అడగడమే మర్యాద.

పరకాల అమ్మాయి | శుక్రవారం, సాయంత్రం 4:20

వచ్చింది! మంగళవారం 11 గంటలకి రమ్మన్నారు. మేడమ్ మామూలుగా రెండు లైన్లు రాశారు, "పరీక్షకి ఆల్ ది బెస్ట్" అని కూడా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మళ్లీ ఒక సందేహం. ఇప్పుడు క్యాలెండర్ ఇన్వైట్ వచ్చింది, అందులో యెస్, నో, మేబీ ఉన్నాయి. ఆ మెయిల్‌లో ఇంకో ఇద్దరి ఐడీలు కాపీలో ఉన్నాయి. అందరికీ జవాబు పంపాలా?

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, సాయంత్రం 5:00

చాలా సంతోషం. ఇన్వైట్‌లో యెస్ నొక్కండి, అది పంపినవాళ్ల క్యాలెండర్‌లో మీరు వస్తున్నట్టు చూపిస్తుంది. మేబీ ఎప్పుడూ నొక్కొద్దు, మాకు అది రానన్నట్టే లెక్క. దాంతో ఆగకుండా ఆమె మెయిల్‌కి అదే వరుసలో, కొత్త మెయిల్ తెరవకుండా, చిన్న జవాబు రాయండి: "ధన్యవాదాలు. మంగళవారం ఉదయం 11కి మీ గచ్చిబౌలి ఆఫీసులో కలుస్తాను." ఆ ఇద్దరినీ ఆమే కాపీలో పెట్టారు కాబట్టి రిప్లై ఆల్ ఇవ్వండి. వాళ్లు ప్యానెల్‌లోని వాళ్లో, రిసెప్షన్ వాళ్లో అయి ఉంటారు.

అడగాల్సినవి ఉంటే ఈ మెయిల్‌లోనే అడగండి, అది కూడా వాళ్లు ముందు పంపినదాంట్లో లేనివి మాత్రమే. ఏ బ్లాక్, ఎన్నో అంతస్తు, ఎంతసేపు పట్టొచ్చు, ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలా. ఎంతసేపు అన్నది మీకు ముఖ్యం, సాయంత్రం వరంగల్ తిరిగి వెళ్లాలి కదా. జీతం, సెలవులు, హాస్టల్ ఇస్తారా లాంటివి ఇక్కడ వద్దు.

మంచిర్యాల గని | శుక్రవారం, సాయంత్రం 5:25

జీతం ఎందుకు అడగొద్దు మేడమ్? మంచిర్యాల నుంచి హైదరాబాద్ పోయి రావాలంటే చార్జీలు, ఒక రోజు కూలి పోతాయి. తీరా అక్కడ చెప్పే జీతం రూమ్ కిరాయికి కూడా రాదు.

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, సాయంత్రం 5:50

మీ మాటలో న్యాయం ఉంది. పోయి రావడానికి అంత ఖర్చు పెట్టేవాళ్లకి తెలుసుకునే హక్కు ఉంది. ఫోన్‌లో పిలిచినప్పుడు అక్కడే అడిగేయండి, "ఈ పోస్టుకి జీతం ఎంత నుంచి ఎంత వరకు ఉంటుంది సార్" అని. మాటలో అడిగితే సహజంగా ఉంటుంది. క్యాంపస్ ఫ్రెషర్లకి సాధారణంగా అందరికీ ఒకే ప్యాకేజీ, నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అందుకే ఈ చెల్లెకి వద్దన్నాను. అందరికీ ఒకే నియమం పెట్టడం నా తప్పు అవుతుంది, మీ విషయంలో అడగండి.

ఓరుగల్లు సిస్టర్ | శుక్రవారం, రాత్రి 8:15

నేను స్టాఫ్ నర్స్‌ని, వరంగల్‌లో ప్రైవేట్ హాస్పిటల్. జర్మనీలో నర్సు ఉద్యోగానికి భాష నేర్చుకుంటున్నాను. మొదటి ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అని మెయిల్ వచ్చింది, టైమ్ 10:00 సీఈటీ అని రాశారు. ఆ రోజు నాకు మార్నింగ్ డ్యూటీ. మన టైమ్ ఎంత అవుతుంది, జవాబులో ఏ టైమ్ రాయాలి?

కాజీపేట ప్యాసింజర్ | శుక్రవారం, రాత్రి 8:40

సిస్టర్, సీఈటీ అంటే వాళ్ల చలికాలం టైమ్, మనకంటే నాలుగున్నర గంటలు వెనక. వాళ్ల 10 మనకు మధ్యాహ్నం 2:30. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా మూడున్నర గంటలే, 10 అంటే మనకు 1:30. ఎండాకాలంలో కూడా అలవాటుగా సీఈటీ అనే రాసేవాళ్లు ఉన్నారు, కాబట్టి తేదీ చూసుకోండి. జవాబులో రెండు టైమ్‌లూ రాయండి: "మీ టైమ్ ఉదయం 10:00, భారత టైమ్ మధ్యాహ్నం 2:30కి సిద్ధంగా ఉంటాను" అని. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. మార్నింగ్ డ్యూటీ రెండింటికి దిగుతారు కదా, అరగంటలో యూనిఫామ్ మార్చి, నెట్ చూసుకుని కూర్చోవడం కష్టం. డ్యూటీ మార్చుకోగలిగితే మార్చుకోండి, లేదంటే గంట ఆలస్యంగా పెట్టమని ఇప్పుడే అడగండి.

జగిత్యాల బిడ్డ | శుక్రవారం, రాత్రి 9:30

విదేశాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా వైపు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లల్లో గల్ఫ్ పోని ఇల్లు లేదు. ఇంటర్వ్యూ పిలుపు అనగానే సంబరపడి జవాబు ఇచ్చే ముందు, ఆ పిలుపు నిజమైనదా అని చూడండి. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఏజెంట్ విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, 1983 ఎమిగ్రేషన్ చట్టం అదే చెబుతుంది. ఆ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు వెతికితే లైసెన్స్ ఉందో లేదో కనిపిస్తుంది. వాళ్లు తీసుకోగల సర్వీస్ చార్జీకి పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇంటర్వ్యూకి ముందే "ఫైల్ చార్జీ", "స్లాట్ చార్జీ" అని ఫోన్‌పే చేయమంటే ఆగిపోండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఇవ్వమంటే అసలే వద్దు, కాపీ చాలు. తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, నర్సులకు జర్మనీ, జపాన్ ఉద్యోగాలు వాళ్ల ద్వారా కూడా వస్తాయి సిస్టర్, ఒకసారి కనుక్కోండి.

హన్మకొండ చౌరస్తా | శుక్రవారం, రాత్రి 10:00

ఇది హైదరాబాద్ ఉద్యోగాలకు కూడా వర్తిస్తుంది. ఏ నిజమైన కంపెనీ ఇంటర్వ్యూకి డబ్బు అడగదు. పెద్ద కంపెనీ పేరుతో మెయిల్ వచ్చి, ఐడీ మాత్రం జీమెయిల్‌ది అయితే, కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి అక్కడి నంబర్‌కి చేసి అడగండి. "మీరు నాకు పిలుపు పంపారా అని ధ్రువపరచుకుంటున్నాను" అంటే ఏ హెచ్ఆర్ కూడా కోపం తెచ్చుకోదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పరకాల అమ్మాయి | శనివారం, ఉదయం 10:30

మేడమ్ జవాబు ఇచ్చారు. మూడో అంతస్తు, రెండు రౌండ్లు, మూడు గంటలు పట్టొచ్చు, ల్యాప్‌టాప్ వద్దు. ఇక మంగళవారం ఎలా వెళ్లాలో చెప్పండి. హైదరాబాద్‌లో మా వాళ్లు ఎవరూ లేరు, తెల్లవారుజామున బయలుదేరాలి. నాన్న తోడు వస్తానంటున్నారు, ఆఫీసు దాకా తీసుకెళ్లొచ్చా?

కాజీపేట ప్యాసింజర్ | శనివారం, ఉదయం 11:15

నాన్నని తప్పకుండా తీసుకెళ్లు చెల్లె, గేటు బయట వరకు. లోపల ఇంటర్వ్యూ నీ ఒక్కదానిదే.

హన్మకొండ నుంచి పొద్దున మొదటి బస్సుల్లో ఒకటి ఎక్కితే ఉప్పల్ వరకు మూడు గంటలు అనుకో, దారిలో ఆలస్యానికి ఇంకో అరగంట. ఉప్పల్‌లోనే దిగు, ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోకు. ఉప్పల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రో ఒకే లైన్ (బ్లూ లైన్), ఎక్కడా మారాల్సిన పని లేదు. రాయదుర్గంలో దిగి ఆటోలో గచ్చిబౌలి. రైలయితే కాజీపేట నుంచి బాగానే ఉంటుంది, కానీ టికెట్ మీద సికింద్రాబాద్ ఉందా చర్లపల్లి ఉందా చూసుకో. సికింద్రాబాద్ స్టేషన్ పనుల వల్ల కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లి దగ్గరే ఆపేస్తున్నారు. సికింద్రాబాద్‌లో దిగితే బయటే మెట్రో, అదే బ్లూ లైన్. చర్లపల్లిలో దిగితే మళ్లీ ఊళ్లోకి రావడానికే టైమ్ పోతుంది.

10:30కి గేటు దగ్గర ఉండేలా చూసుకో. ఐటీ ఆఫీసుల్లో విజిటర్ పాస్ ఇవ్వడానికి లైన్ ఉంటుంది.

భద్రకాళి కట్ట | శనివారం, మధ్యాహ్నం 12:00

ఫోటో ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు పెట్టుకో, ఫోన్‌లో ఫోటో ఉంటే ఒప్పుకోని చోట్లు ఉన్నాయి. వాళ్ల మెయిల్ ఒకటి ప్రింట్ తీసుకో, గేటు దగ్గర ఫోన్ సిగ్నల్ లేకపోయినా చూపించొచ్చు. హెచ్ఆర్ గారి నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకుని, నాన్న ఫోన్‌లో కూడా వేయి.

మంచిర్యాల గని | శనివారం, మధ్యాహ్నం 12:40

దారిలో ఆలస్యమైతే? మేడారం జాతర వారంలో మా కజిన్‌కి ఇంటర్వ్యూ పడింది. ఆర్టీసీ బస్సులన్నీ అటే మళ్లించారు, పరకాల రోడ్డు అంతా జామ్.

హన్మకొండ చౌరస్తా | శనివారం, మధ్యాహ్నం 1:10

జాతర రోజుల్లో అయితే ముందురోజే చేరుకోవాలి, లేదా రైలు. మామూలు రోజు ఆలస్యమైతే, 11 దాటాక కాదు, దాటుతుందని తెలిసిన క్షణమే ఫోన్ చేయండి. "ఉప్పల్ దాటాను, 11:20కి చేరతాను, కుదురుతుందా" అని ఎక్కడున్నారో, ఎప్పటికి వస్తారో కలిపి చెప్పండి. ప్యానెల్ వాళ్లు క్యాండిడేట్ల వరుస మార్చుకుంటారు. ఫోన్ ఎత్తకపోతే అదే మెయిల్ వరుసలో ఒక లైన్ రాసి, మెసేజ్ కూడా పెట్టండి.

ఓరుగల్లు సిస్టర్ | శనివారం, రాత్రి 9:00

జర్మనీ వాళ్లకి రెండు టైమ్‌లూ రాసి, గంట ఆలస్యంగా పెట్టమని అడిగాను. 11:00, మనకు మధ్యాహ్నం 3:30, సరే అన్నారు. లింక్ ముందురోజు పంపుతామన్నారు. రాకపోతే నేనే అడగాలా?

హన్మకొండ చౌరస్తా | శనివారం, రాత్రి 9:20

అడగండి సిస్టర్. ముందురోజు వాళ్ల ఆఫీసు మూసేలోపు, అంటే మన రాత్రి ఎనిమిదికి ముందు, అదే మెయిల్ వరుసలో "రేపటి లింక్ ఇంకా రాలేదు, పంపగలరా" అని రాయండి. స్పామ్ ఫోల్డర్ చూసుకున్నాకే రాయండి.